మూలకణ మార్పిడిలో తోడున్న మనిషి సంగతి

రక్త క్యాన్సర్‌కో, మూలుగలో రక్తకణాలు సరిగా తయారుకాని అప్లాస్టిక్ అనీమియాకో, పుట్టుకతో వచ్చే రక్త జబ్బయిన తలసేమియాకో మూలకణ మార్పిడి, అంటే రక్తాన్ని పుట్టించే కణాలను ఒంట్లోకి ఎక్కించడం, ఒక్కటే దారి అని హైదరాబాదు వైద్యులు చెప్పిన రోజున, నల్లగొండ, పాలమూరు పల్లెల కుటుంబాల్లో చర్చంతా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, కణాలు ఎవరివి సరిపోతాయి, మనిషి దక్కుతాడా. నెలల తరబడి రోగి పక్కన ఎవరుండాలన్నది మాత్రం చర్చకే రాదు. పెళ్లయినవాడైతే భార్య, పసివాడైతే తల్లి, పెద్దవారైతే కొడుకో దగ్గర ఊరికి ఇచ్చిన కూతురో ఉంటారని అందరూ అనుకుంటారు, వారూ అలాగే అనుకుంటారు. ఆసుపత్రి కాగితాల్లో ఆ మనిషి పేరు 'అటెండెంట్' అన్న గడిలో పడుతుంది. ఆ తర్వాత రోగి రక్తాన్ని రోజూ పరీక్షిస్తారు గానీ, ఆ గడిలోని మనిషి నిద్రపోయిందా, తిన్నదా అని అడిగే పని ఎవరి బాధ్యతల్లోనూ రాసి ఉండదు.

తోడున్నవారికి కలిగే దిగులును మనం సాధారణంగా గుండె దిటవు లేకపోవడంగా లెక్కగడతాం. నిజానికి అందులో పెద్ద భాగం ఈ చికిత్స సాగే తీరు నుంచే పుడుతుంది. ఏ దశలో ఏ భయం ముందుకొస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. అందువల్ల ఏ దశలో ఏ సాయం కావాలో కూడా ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే దానికి చికిత్స క్రమం కొంతైనా తెలిసి ఉండాలి.

మార్పిడి రెండు రకాలు. మల్టిపుల్ మైలోమా, కొన్ని లింఫోమాలు అనే రక్త క్యాన్సర్లలో రోగి సొంత మూలకణాలనే ముందుగా సేకరించి భద్రపరిచి, అధిక మోతాదు కీమోథెరపీ ఇచ్చాక తిరిగి ఎక్కిస్తారు. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్, అప్లాస్టిక్ అనీమియా, తలసేమియాల్లో ఎక్కువగా వేరొకరి కణాలు కావాలి. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఒక్కొక్కరి హెచ్.ఎల్.ఏ. (కణాల మీద ఉండే, తల్లిదండ్రుల నుంచి వచ్చే గుర్తులు) పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే కాబట్టి, సగం మాత్రమే సరిపోయే తల్లి, తండ్రి లేదా సంతానం నుంచి కణాలు తీసుకునే 'హాప్లో' పద్ధతి కూడా ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. కణాలు ఎక్కించే రోజును 'డే జీరో' అంటారు. ఎక్కించడం అన్నది చూడటానికి రక్తం సంచి ఎక్కించినట్టే ఉంటుంది. పెద్ద ఆపరేషన్ అనుకుని వచ్చిన బంధువులు "గింతేనా?" అని ఆశ్చర్యపోయి సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోతారు. తోడున్న మనిషికి అసలు కష్టం ఆ బస్సు వెళ్లిపోయాక మొదలవుతుంది.

డే జీరోకు ముందు ఇచ్చే కండిషనింగ్ మందులు పాత మూలుగను దాదాపు ఖాళీ చేస్తాయి. కొత్త కణాలు కుదురుకునే దాకా, అంటే సుమారు రెండు నుంచి నాలుగు వారాల పాటు, రోగికి తెల్ల రక్తకణాలు లేనట్టే. నోరంతా పుండ్లు, విరేచనాలు, జ్వరం, రోజు విడిచి రోజు ప్లేట్‌లెట్ల కోసం పరుగు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల లెక్క వరుసగా మూడు రోజులు 500 దాటితే కణాలు కుదురుకున్నట్టు లెక్క. నాటు వేసిన మడి పచ్చబడుతుందా లేదా అని గట్టు మీద నిలబడి చూసినట్టుగా, ఆ వారాల్లో వార్డు బయట కూర్చున్న ప్రతివారూ పొద్దున్నే "కౌంట్ ఎంతొచ్చింది?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. కౌంట్ పెరిగినవారి ముఖం చూసి, పెరగనివారు లేచి పక్కకు వెళ్లడమూ అక్కడ మామూలే.

కుదురుకున్నాక కూడా, దాత కణాలైతే, మరో ప్రమాదం ఉంటుంది. దాత నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు రోగి చర్మాన్ని, పేగులను, కాలేయాన్ని పరాయివిగా భావించి దాడి చేయవచ్చు. దీన్నే జీవీహెచ్‌డీ అంటారు. దాన్ని అదుపులో ఉంచడానికి సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వంటి మందులు ఇస్తారు, ఆ మందులు ఇన్‌ఫెక్షన్‌లకు తలుపు తెరుస్తాయి. అందుకే దాత కణాలతో మార్పిడి జరిగినవారిని మొదటి 100 రోజులు ఆసుపత్రికి అందుబాటులో ఉండమంటారు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన కుటుంబానికి ఇది నగరంలో గది అద్దె, వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి ఆటో, ఊళ్లో పత్తి ఏరే మనిషి లేకపోవడం, బడి పిల్లలు నానమ్మ దగ్గర ఉండిపోవడం అన్న లెక్కగా మారుతుంది.

ఇక మనసు సంగతి. రోగి కంటే తోడున్నవారికే ఆందోళన ఎక్కువగా ఉండే సందర్భాలు తక్కువేమీ కావని ఈ రంగంలో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ ఆందోళన మార్పిడికి ముందు రోజుల్లోనూ, వార్డులో ఉన్న వారాల్లోనూ బాగా పెరుగుతుంది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. రోగికి జ్వరంలో, మత్తులో కొన్ని రోజులు గుర్తే ఉండవు, తోడున్న మనిషికి ప్రతి గంటా గుర్తుంటుంది. రోగి "నొప్పి" అని పైకి అనగలడు, తోడున్న మనిషి "నాకు చేతకావడం లేదు" అంటే అది స్వార్థంగా వినిపిస్తుందేమోనని నోరు మెదపదు. ఆమె బీపీ మాత్రలు ఊళ్లోనే ఉండిపోతాయి. కడుపులో మంట, నడుం నొప్పి, నెలసరి తేడాలు అన్నీ 'తర్వాత చూసుకుందాం' అన్న మూటలోకి చేరతాయి.

డిశ్చార్జి నాడు చుట్టాలంతా ఊపిరి పీల్చుకుంటారు, ఫోన్లు తగ్గుతాయి. తోడున్న మనిషికి మాత్రం అప్పటిదాకా నర్సులు, డ్యూటీ డాక్టర్లు చేసిన పని మొత్తం ఆ రోజే చేతికి వస్తుంది. ఏ మాత్ర ఎన్నింటికి, ఏది తిన్నాక, ఏది రక్తపరీక్ష రోజున పరీక్షయ్యే దాకా ఆపాలి, మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలో పెట్టిన గొట్టం, అంటే సెంట్రల్ లైన్, ఎలా శుభ్రంగా ఉంచాలి, ఏ మరక ర్యాష్, ఏది దోమకాటు. ఈ బదిలీ తరచుగా బిల్లు కట్టే హడావిడిలో పది నిమిషాల్లో జరిగిపోతుంది. తోడున్నవారికి ఇవ్వదగిన మానసిక మద్దతుల్లో మొదటిది ఆ పది నిమిషాలను రెండు మూడు రోజులకు పెంచి, ఆమె చేత చేయించి చూపించడమేనని నా అభిప్రాయం. చేతికి పని తెలిస్తే భయం సగానికి దిగుతుంది.

ఊరికి తిరిగివచ్చాక ఎదురయ్యే చిక్కు మనకే ప్రత్యేకమైనది. జబ్బుపడి వచ్చినవారిని చూడబోవడం మన వైపు మర్యాద కాదు, బాధ్యత. వెళ్లకపోతే తరాల పాటు మాట పడాలి. రోగనిరోధక శక్తి లేని మనిషి ఇంటికి జలుబు, దగ్గు, చంటిపిల్లలతో జనం రాకూడదన్నది వైద్యుల కచ్చితమైన ఆదేశం. ఈ రెండింటికీ మధ్య గడపలో నిలబడేది ఆ ఇంటి కోడలు. రెండు బస్సులు మారి, సంచిలో బత్తాయిలు పట్టుకుని వచ్చిన పెద్దత్తను "లోపలికి రావద్దు" అనాలి. ఆమె వరండాలో కూర్చుని నీళ్లు తాగి, సంచి అక్కడే పెట్టి వెళ్లి, మూడో రోజుకు "మమ్ముల గడప గూడ ఎక్కనియ్యలె" అన్న మాట ఊరంతా తిప్పుతుంది. కోడలికి భర్త జబ్బు బాధకు ఈ నింద తోడవుతుంది. దీనికి మందు చాలా చిన్నది. ఆ 'వద్దు' అన్న మాట కోడలి నోటి నుంచి కాక, వైద్యుడి సంతకంతో కాగితం మీద రావాలి, లేదా ఇంటి పెద్దల్లో ఒకరు, మామగారో బావగారో, ముందే ఫోన్లు చేసి చెప్పాలి. కౌన్సెలింగ్ అంటే ఒక గదిలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకోవడమే అనుకునేవారు దీన్ని కౌన్సెలింగ్ అనరు గానీ, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ఎవరు ఏ మాట పడాలో పంచడం కూడా అందులో భాగమే.

నీళ్ల సంగతీ అలాంటిదే. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ చరిత్ర తెలిసిన ఏ తల్లీ బోరు నీళ్లు ఇవ్వదు, క్యాన్ నీళ్లు కొంటుంది. మార్పిడి అయిన వ్యక్తికి మరిగించి చల్లార్చిన నీళ్లు ఇవ్వమంటారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది కానీ, ఊరి ప్లాంటు నుంచి క్యాన్‌లో నిలవ ఉండి వచ్చిన నీళ్లలో సూక్ష్మజీవులు లేవన్న హామీ ఏమీ లేదు. కాబట్టి శుద్ధి చేసిన నీళ్లనే మరిగించాలి. ఇంత చిన్న విషయం ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల, రోగికి విరేచనాలు పట్టిన ప్రతిసారీ "నేనే ఏదో తప్పు చేసిన" అనుకునే స్త్రీలు ఉంటారు. ఆ విరేచనాలకు కారణం జీవీహెచ్‌డీ కావచ్చు, మందులు కావచ్చు, వైరస్ కావచ్చు. ఆ మాట వైద్యుడి నోటి నుంచి ఒక్కసారి స్పష్టంగా వినిపిస్తే ఆమె మీది బరువు దిగుతుంది.

రాత్రిపూట జ్వరం భయం మరొకటి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయమన్నది సాధారణ సూచన. ఈ ఒక్క అంకె వల్ల నెలల తరబడి గంటకోసారి లేచి నుదురు తాకి చూసేవారున్నారు. మొదటి వారాల్లో ఆ అప్రమత్తత అవసరమే. అదే అలవాటుగా మిగిలిపోతే నిద్ర చెడి, పగలు మాత్రల లెక్క తప్పుతుంది, చిరాకు పెరుగుతుంది. థర్మామీటరు పెట్టే వేళలు వైద్యుడితో నిర్ణయించుకుని, అంకెను నోటుపుస్తకంలో రాసి, ఏ అంకెకు ఎవరికి ఫోన్ చేయాలో, ఏ బండి పిలవాలో, ఏ సంచి సిద్ధంగా ఉంచాలో అదే పేజీలో ముందుగా రాసి పెట్టుకుంటే, ఆ వేళల మధ్య పడుకోవచ్చునన్న అనుమతి ఆమెకు దొరుకుతుంది. రోగికి వణుకు గానీ, ఆయాసం గానీ, మగత గానీ వస్తే వేళ కోసం ఆగకూడదన్నది కూడా ఆ పేజీలోనే ఉండాలి.

మాటల గాయాల గురించీ చెప్పుకోవాలి. జీవీహెచ్‌డీకి ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు ఇస్తారు. అవి నిద్రను చెడగొడతాయి, కోపాన్ని, ఏడుపును, కొందరిలో అనుమానాలను కూడా పెంచుతాయి. ముప్పై ఏళ్లుగా భార్యను ఒక్క మాట అనని మనిషి అన్నం పళ్లెం తోసేసి "నన్ను సంపుతానికే ఉన్నవా" అంటే, అది మందు ప్రభావమని ముందే తెలిసిన భార్య బాధపడుతుంది, తెలియని భార్య విరిగిపోతుంది. ఆ మందు చీటీ రాసిన రోజునే ఈ సంగతి కుటుంబానికి చెప్పాలి, మార్పు మరీ ఎక్కువైతే వైద్యుడికి తెలపాలి.

అన్నింటికంటే చిక్కుముడి దాత విషయం. మరిది అన్నకు కణాలు ఇవ్వడానికి ఒప్పుకున్నా, అతని అత్తవారు "పిల్లలు గలోడు, బలం పోతే ఎట్ల?" అంటారు. నాలుగైదు రోజుల ఇంజెక్షన్లతో కణాలను రక్తంలోకి రప్పించి యంత్రం ద్వారా సేకరించే పద్ధతే ఇప్పుడు ఎక్కువని, ఇచ్చిన కణాలు కొన్ని వారాల్లో తిరిగి ఏర్పడతాయని వారికి ఎవరైనా చెప్పాలి. ఆ పని తరచుగా రోగి భార్య మీద పడుతుంది, ఒకవైపు బతిమాలుతూ మరోవైపు ఆ రుణానికి జీవితాంతం తలవంచుకోవలసి వస్తుందేమోనని కుంగిపోతుంది. కణాలు కుదురుకోకపోతే, లేదా జీవీహెచ్‌డీ తీవ్రమైతే, దాత "నా రక్తమే వాడి ఒంటిని తింటున్నది" అని కుమిలిపోతాడు. హాప్లో పద్ధతిలో తండ్రి లేదా కొడుకు దాత, తోడు మనిషి రెండూ అయ్యే సందర్భాల్లో ఈ అపరాధభావాన్ని మోస్తూనే మరునాడు మాత్రలు లెక్కపెట్టాలి. కణాల ఫలితం దాత మంచితనాన్ని బట్టి గానీ బలాన్ని బట్టి గానీ ఉండదన్న సంగతి సేకరణకు ముందే, దాతకు విడిగా, సావధానంగా చెప్పవలసినది.

తలసేమియా పిల్లల తల్లులది ఇంకో భారం. ఒక బిడ్డ రోగి, ఇంకో బిడ్డ దాత, ఇద్దరికీ సూదులు, ఒక్కతే తల్లి. మేనరికం సంబంధమైతే "మీ వైపు నుంచి వచ్చింది" అన్న వాదన ఇంట్లో ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది. తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైతేనే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తుంటేనే, బిడ్డకు తీవ్ర తలసేమియా వస్తుంది, ప్రతి గర్భంలోనూ ఆ అవకాశం 25 శాతం. అంటే ఒక్కరి వైపు నుంచి వచ్చిన జబ్బు కాదిది. జన్యు కౌన్సెలింగ్‌లో ఈ లెక్కను భర్తను, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని చెబితే, అది శాస్త్రపాఠంగా కంటే ఆ తల్లికి రక్షణగా ఎక్కువ పనిచేస్తుంది.

డబ్బు గురించి క్లుప్తంగా. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. తలసేమియా పిల్లల మార్పిడికి కోల్ ఇండియా నిధులతో నడిచే బాల సేవా యోజన ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 10 లక్షల దాకా ఇస్తుంది. అయితే పథకాల డబ్బు ఆసుపత్రికి చేరుతుంది. తోడున్న మనిషి పోగొట్టుకున్న కూలి, గది అద్దె, ముంబయి, పుణెల నుంచి పని మానుకుని వచ్చిన పాలమూరు కుటుంబం మేస్త్రీకి తిరిగి కట్టవలసిన అడ్వాన్సు వీటిలో ఏ ఖాతాలోనూ ఉండవు. అప్పు భయాన్ని మనోవ్యాధిగా పొరబడి ధైర్యవచనాలు చెప్పడం వృథా. అక్కడ కావలసింది మెడికల్ సోషల్ వర్కర్, అంటే ఏ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో తెలిసిన మనిషి.

మరి అచ్చంగా మనసుకే సంబంధించిన సాయం ఎలా ఉంటుంది? బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు మార్పిడి రోగులకు తోడున్న 100 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఆరు విడతల మానసిక సహాయాన్ని, ముఖాముఖి గానీ ఫోన్లో గానీ వీడియోలో గానీ, అందించి చూశారు. మార్పిడి ఎలా సాగుతుందో చెప్పడం, ఆందోళనను అదుపు చేసుకునే పద్ధతులు నేర్పడం, రోగిని చూసుకుంటూ తనను తాను చూసుకోవడం ఎలాగో మాట్లాడుకోవడం అందులో ఉన్నాయి. 2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఆ వర్గంలో ఆందోళన, కుంగుబాటు, సంరక్షణ భారం తగ్గాయి, జీవన నాణ్యత మెరుగుపడింది. కొలరాడోలో జరిగిన మరో పరిశోధనలో నెమ్మదిగా శ్వాస తీసుకునే శిక్షణను, ఒత్తిడి గురించిన అవగాహనను కలిపి ఇచ్చినప్పుడు కూడా తోడున్నవారి ఒత్తిడి తగ్గింది. ఇవి అమెరికా ఫలితాలు, మన ఇళ్లలో పది మంది మధ్య ఫోన్ మాట్లాడటానికి మూల గది కూడా దొరకదు. అయినా విడతలు కొద్దివే, ఫోన్లోనూ పనిచేస్తాయి అన్న రెండు అంశాలు హైదరాబాదుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి ఎంతో పనికొచ్చేవి.

దిగులుకూ జబ్బుకూ మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవాలి. ఏడుపు, భయం, అలసట ఈ పరిస్థితిలో సహజం. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ మనసు కుంగి ఉండటం, దేని మీదా ఇష్టం లేకపోవడం, రోగి నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, 'నేను లేకపోతేనే నయం' అన్న ఆలోచన రావడం చికిత్స కావలసిన లక్షణాలు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా అదే రోజు సాయం పొందాలి. "ఎర్రగడ్డకు పోవాల్నా?" అని హైదరాబాదు మానసిక ఆసుపత్రి పేరెత్తే వెక్కిరింపు ఇంకా మన నాలుకల మీద ఉంది కాబట్టి చాలామంది వెళ్లరు. వెళ్లనివారు మెడికల్ షాపులో నిద్రమాత్ర కొంటారు. ఆల్ప్రాజోలం వంటివి చీటీ లేకుండా వాడితే అలవాటుగా మారి వదలవు. కుంగుబాటుకు వైద్యులు రాసే మందులు వేరు, వాటికి ఆ రకం వ్యసనం ఉండదు, పనిచేయడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది.

మగవారి విషయంలో మన ప్రాంతానికి సంబంధించిన ఒక హెచ్చరిక అవసరం. కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతున్న కేసులు తెలంగాణలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. రోజూ అలాంటి కల్లు తాగే అలవాటున్న తండ్రో అన్నో రోగికి తోడుగా నగరానికి వచ్చి హఠాత్తుగా మానేస్తే, రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్రలేమి, పిచ్చి మాటలు, ఫిట్స్ కూడా రావచ్చు. బంధువులు దాన్ని బిడ్డ మీది బెంగ అనుకుంటారు. అది వైద్యం అవసరమైన స్థితి, సిగ్గుపడకుండా తాగే అలవాటును వైద్యుడికి చెప్పాలి.

సాయం దొరికే చోట్లు ఇప్పుడు మునుపటి కంటే దగ్గరగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక సాయపు ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక వాటి ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాల కోసం నగరం దాకా పోనక్కరలేదు. ఉమ్మడి నల్లగొండలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. ఆ పేరు వినగానే 'చివరి రోజుల వార్డు' అనుకోవడం పొరపాటు, నొప్పి నివారణతో పాటు కుటుంబంతో మాట్లాడటం కూడా ఆ విభాగాల పనే.

బంధువులు చేయగలిగిన వాటిలో అన్నింటికన్నా విలువైనది వంతు. డే జీరోకు ముందే రెండో మనిషిని ఎంచుకుని, మాత్రల క్రమం, చేతులు కడుక్కునే తీరు, నోటుపుస్తకం అతనికీ నేర్పించాలి. నెలకు ఒక వారమైనా అతను వస్తే, మొదటి మనిషి ఊరికి వెళ్లి పిల్లలను చూసి, తన పరీక్షలు చేయించుకుని రావచ్చు. మొదట్లో ఆమె ఒప్పుకోదు, "నేను లేకుంటే కాదు" అంటుంది. నిజంగానే ఆమె లేకుంటే కాదన్న స్థితి రాకుండా చూడటమే రెండో మనిషి వల్ల ఒరిగేది. మార్పిడి ఫలించక రోగి పోయిన ఇళ్లలో కూడా ఆ రెండో మనిషి అవసరం పెద్దది. దశదినకర్మ ముగిసి చుట్టాలు వెళ్లాక, ఆ చివరి నెలల్లో తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఆమె మళ్లీ మళ్లీ తవ్వుకుంటుంటే, అప్పుడు అక్కడ ఉన్నవారు, కళ్లారా చూసినవారు మాత్రమే ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పగలరు.

రోగి కోలుకుంటున్న ఇళ్లలో దీనికి భిన్నమైన ఇబ్బంది వస్తుంది. చిన్ననాటి టీకాల రక్షణ మార్పిడితో పోతుంది కాబట్టి కొన్ని నెలల తర్వాత టీకాలు మళ్లీ మొదలుపెడతారు, తట్టు టీకా వంటి, బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసే జీవ టీకాలకు సాధారణంగా రెండేళ్లు ఆగుతారు. ఆ మధ్య కాలంలో రోగి పొలం వైపు వెళ్తానంటాడు, బండి తీస్తానంటాడు, తోడున్న మనిషికి గుండె ఝల్లుమంటుంది. ఏది వద్దు, ఏది పర్వాలేదు అన్నది భార్యాభర్తల వాదనగా మిగలకుండా, ఫాలో అప్ రోజున ఇద్దరూ కలిసి వైద్యుడిని అడిగి రాయించుకోవాలి. మాస్కు ఎప్పటిదాకా, మట్టి పని ఎప్పటి నుంచి, పెళ్లి భోజనం ఎప్పుడు. మాత్రల డబ్బా రోగి చేతికి అప్పగించే తేదీ కూడా ఆ కాగితంలోనే ఉంటే, తర్వాతి వారం నుంచి ఆమె కూలికి వెళ్లవచ్చో లేదో లెక్క వేసుకోగలదు.